కన్నం ఎటు చూస్తోంది?

ఇంటికి కొత్త ఇన్వర్టర్ వస్తే అందరూ దాని ముందున్న లైట్లు చూస్తారు. నేను బోర్లించి అడుగు చూస్తాను. చార్జర్ కనిపిస్తే వెలుతురుకెత్తి పట్టుకుని సందుల్లోంచి లోపలికి తొంగి చూస్తాను. ఈ అలవాటు చూసి మాడుగులలో నాకు కన్నాల మాష్టారని పేరు స్థిరపరిచారు. నిజానికి నేను బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి కాను. హైదరాబాదులో ఒక పరీక్షా కేంద్రంలో, మార్కెట్లోకి రాబోయే కరెంటు సామాన్లను పనిగట్టుకుని చెడగొట్టి, వేడెక్కించి, మండించి, మంట పెట్టె దాటి బయటికొస్తుందో రాదో చూసే కొలువు చేశాను. రిటైరయ్యాక కొండల కింది ఈ సొంతూరికి వచ్చి పడ్డాను.

"కన్నాలక్కూడా రూల్సుంటాయేటండీ?" అనడిగాడు మా వీధిలో హల్వా కొట్టు కుర్రాడు. వాడి అనుమానం సబబే. గోధుమలు ఎంత నానాలో, పాలు ఎప్పుడు తియ్యాలో, నెయ్యి పైకి తేలగానే కళాయి ఎప్పుడు దించాలో వాళ్ళకి చేతివాటమే తప్ప రాసుకున్న లెక్క లేదు. ఉంటాయిరా, అదీ మిల్లీమీటర్లలో ఉంటాయి అన్నాను. వాడు నమ్మలేదు. వాడికి చెప్పిందంతా కాస్త నింపాదిగా ఇక్కడ రాస్తున్నాను.

కంప్యూటర్లు, అడాప్టర్లు, సెల్‌ఫోన్ చార్జర్లు వగైరాలకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్, అంటే ఐఈసీ, రాసిన 60950-1 అనే ప్రమాణం ఉంది. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ దాన్నే ఐఎస్ 13252 పేరుతో తీసుకుంది. 2012 నాటి కంపల్సరీ రిజిస్ట్రేషన్ ఆర్డర్‌తో ఇలాంటి సరుకులకు పరీక్ష, నమోదు తప్పనిసరి అవుతూ వచ్చాయి. టీవీలూ పాటల పెట్టెలూ ఐఎస్ 616 కింద ఉండేవి. ఈ రెండు దారుల్నీ ఒకటిగా కలిపిన కొత్త ప్రమాణం 62368-1. అది అమెరికాలో, ఐరోపాలో 2020 డిసెంబరు నుంచి పాతవాటి స్థానంలోకి వచ్చింది. మన దగ్గరా ఆ మార్పు నడుస్తోంది. ఇన్వర్టర్లకు, యూపీఎస్‌లకు ఐఎస్ 16242 అని వేరే పుస్తకం ఉన్నా, కన్నాల దగ్గరికొచ్చేసరికి అదీ 60950 బాటే పడుతుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎవరైనా షాపువాడు మిమ్మల్ని అంకెలతో బెదిరిస్తే ఇవి ఎక్కడివో తెలియడానికి చెప్పానంతే.

ముందు ఒక చిక్కు విప్పాలి. పెట్టె అనేది ఒక్క పని చెయ్యదు. కరెంటున్న చోట వేలు తగలనివ్వదు. లోపల తిరిగే ఫ్యాన్ రెక్కలాంటివాటి నుంచి కాపాడుతుంది. లోపల నిప్పు పుడితే బయటికి పోనివ్వదు. ఒకే రేకు ఈ మూడు ఉద్యోగాలూ చేస్తుంది గాని, మూడింటికీ కన్నాల లెక్క మూడు రకాలు. మన వాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెట్టె మీద ఐపీ 20 అనో ఐపీ 54 అనో ఉంటుంది. అది వేలు, దుమ్ము, నీళ్ళకి సంబంధించిన సంగతి. మొదటి అంకె 2 అయితే 12.5 మిల్లీమీటర్ల గోళం లోపలికి పోకూడదని అర్థం. పరీక్షకి వాడే కీళ్ళ వేలు 12 మిల్లీమీటర్ల మందం, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ వేలు కరెంటున్న భాగాన్ని అందుకోకపోతే పెట్టె ఆ పరీక్షలో నెగ్గినట్టే. నిప్పుకి వేలంత దారి అక్కర్లేదు. అందుకే ఐపీ అంకె బాగుంది కాబట్టి అగ్నిభయం లేదనేవాళ్ళ మాట నేను చెవికెక్కించుకోను.

అసలు కన్నాలు లేకుండా మూసిపారేస్తే పోదా అంటారు. పోదు. ట్రాన్స్‌ఫార్మరూ, స్విచింగ్ ట్రాన్సిస్టర్లూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోకపోతే వైర్ల మీది తొడుగు గట్టిపడి చిట్లుతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి. పది డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందనేది ఈ వృత్తిలో అందరూ వేసుకునే మోటు లెక్క. నిప్పు పుట్టకుండా ఉండాలంటే కన్నాలు కావాలి. పుట్టిన నిప్పు బయటికి రాకుండా ఉండాలంటే కన్నాలు వద్దు. ప్రమాణాల్లోని అంకెలన్నీ ఈ పేచీ తీర్చడానికి పుట్టినవే.

ఇందులో పైకన్నం, కిందకన్నం, పక్కకన్నం అని మూడున్నాయి. మూడింటికీ ఒకే కొలత ఇచ్చి ఊరుకుంటే ఇంజినీర్లకి బోలెడు పని తప్పేది. అలా ఇవ్వకపోవడానికి కారణం తెలియాలంటే మన బెల్లం పొయ్యి చూడాలి. చోడవరం, అనకాపల్లి చుట్టుపక్కల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పెనం కింద పొయ్యికి గాలి వెళ్ళే దారి కింద, పొగ వెళ్ళే గొట్టం పైన. కింద దారి మూస్తే మంట మందగిస్తుంది, తెరిస్తే ఉవ్వెత్తున లేస్తుంది. అడుగునా పైనా కన్నాలున్న కరెంటు పెట్టె కూడా నిప్పంటుకున్న క్షణం నుంచి అలాంటి పొయ్యే. వేడిగాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కిందినుంచి వచ్చి మంటకి మేత పెడుతుంది. అయితే కిందికన్నం దగ్గర ఇంకో ప్రమాదముంది. మంట పైకి పోతుంది గాని, మండుతున్న ప్లాస్టిక్ కిందికి కారుతుంది.

ఆ కారే నిప్పు కోసమే మా దగ్గర ఒక పరీక్ష ఉండేది. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పరీక్ష. 60950లో ఒక అనుబంధంగా ఉంటుంది, కొత్త 62368 కూడా దాన్ని వదులుకోలేదు. పెట్టె అడుగురేకును అడ్డంగా, కదలకుండా బిగించాలి. దాని కింద 50 మిల్లీమీటర్ల దూరంలో ఒక లోతులేని పళ్ళెం, పళ్ళెం మీద ఒక్క పొర పలచటి తెల్లని నూలుగుడ్డ. ఆ గుడ్డ బరువు కూడా రాసే ఉంటుంది, చదరపు మీటరుకి 40 గ్రాములు. ఇప్పుడు పొడవాటి పిడి ఉన్న చిన్న గరిటెలో డీజిల్ జాతి నూనె 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు పొయ్యాలి. వేడి చేసి అంటించాలి. ఒక్క నిమిషం మండనివ్వాలి. ఆ మండే నూనెను 100 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, సెకనుకి ఒక మిల్లీలీటరు చొప్పున, సన్నని ధారగా కన్నాల నడిమధ్యన పొయ్యాలి. అయిదు నిమిషాలాగి కొత్త గుడ్డ వేసి మళ్ళీ. ఇంకో అయిదు నిమిషాలాగి మళ్ళీ. మూడుసార్లలో ఒక్కసారైనా గుడ్డ అంటుకుంటే ఆ పెట్టె ఇంటికి.

చెయ్యి వణక్కుండా ధార పొయ్యడం అంత తేలిక కాదు. ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకి ముందు మామూలు నీళ్ళతో అలవాటు చేయించేవాళ్ళం. నూనె రేకు మీద పడగానే బుసబుసమంటుంది, పసుపురంగు మంట రేకంతా పాకుతుంది. కిందికి వంగి చూస్తే కన్నాల అంచుల్లో చుక్కలు కూడుకుంటుంటాయి. మంచి రేకైతే ఆ చుక్క కింద పడేసరికి నల్లటి నూనె చుక్కే తప్ప నిప్పు చుక్క కాదు. గుడ్డ మీద మరక మిగులుతుంది. మరకకి మార్కులు తగ్గించరు, మంటకి తగ్గిస్తారు. చెడ్డ రేకైతే మొదటి ధారకే గుడ్డ భగ్గుమంటుంది, పక్కన నిలబడ్డ కంపెనీ ప్రతినిధి మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

రేకులోంచి నూనె దిగుతూ నిప్పు మాత్రం ఎందుకు దిగదు? బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్ళు వెంటనే చెప్పగలరు. 1815లో హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ సన్నని తీగ జాలీ కట్టాడు. మంట జాలీ దగ్గరికొచ్చేసరికి లోహం దాని వేడిని లాగేసుకుంటుంది. వేడి తగ్గిన వాయువు మండలేదు, కాబట్టి మంట జాలీ దాటి గనిలోని వాయువును అంటించలేదు. కరెంటు పెట్టె అడుగుకి ప్రమాణం ఒప్పుకున్న జాలీ కూడా ఆ వరసదే. కన్ను 2 మిల్లీమీటర్లకు 2 మిల్లీమీటర్లు మించకూడదు, తీగ మందం 0.45 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మొదటి కొలత అందరికీ అర్థమవుతుంది. రెండోదే అసలైంది. తీగ మరీ సన్నమైతే వేడి లాగడానికి లోహమేదీ?

చిల్లుల రేకుకైతే ఒక పట్టికే ఉంది. రేకు మందం, కన్నం కొలత, కన్నానికీ కన్నానికీ మధ్య దూరం, మూడూ కలిపి చదవాలి. 1 మిల్లీమీటరు మందం రేకులో 2 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టుకోవచ్చు, కాని రెండు కన్నాల కేంద్రాల మధ్య 3 మిల్లీమీటర్లయినా ఉండాలి. రేకు 0.66కి పలచబడితే కన్నం 1.14కి కుదించుకోవాలి, కేంద్రాల దూరం 1.70 ఉండాలి. ఈ పట్టికలో మొదటి గడి వదిలేసి రెండోదే చూసే తయారీదారులు ఎందరో. "రెండు మిల్లీమీటర్ల కన్నం ఒప్పుకుంటారు కదండీ" అని వాదిస్తారు. ఒప్పుకుంటారు, మీ రేకు ఆ మందం ఉంటే. కొత్త 62368 ఈ గందరగోళం కొంత తగ్గించింది. అడుగున ఏ కన్నమూ ఏ దిశలోనూ 3 మిల్లీమీటర్లు దాటకపోతే, లేదా వెడల్పు 1 మిల్లీమీటరు లోపుండి ఎంత పొడుగు సందైనా సరే, మళ్ళీ నూనె పొయ్యనక్కర్లేదంటుంది. అంతకన్నా పెద్ద కన్నం కావాలనుకున్నవాడు గరిటె పట్టుకుని నిరూపించుకోవాలి.

ఇక పైకన్నం. ఇక్కడ పాత ప్రమాణం భయమంతా పైనుంచి పడేవాటి గురించి. పిన్నీసో, తలపిన్నో, చిల్లర నాణెమో పైనుంచి జారి 230 వోల్టుల మీద పడితే షార్ట్ అవుతుంది. అందుకని కన్నం ఏ దిశలోనూ 5 మిల్లీమీటర్లు దాటకూడదు, లేదా 1 మిల్లీమీటరు వెడల్పు సందు కావాలి, లేదా నిటారుగా పడిన వస్తువు తిన్నగా లోపలికి పోకుండా చూరు పెట్టాలి. రాసినవాళ్ళ మనసులో పిన్నీసుంది గాని బల్లిపిల్ల లేదు. మా ఊళ్ళో ఇన్వర్టర్ రిపేరుకొస్తే మెకానిక్కు మొదట దులిపేది మాడిన బల్లినే. వెచ్చగా ఉంటుందని చలికాలంలో దూరుతుంది, రెండు కాళ్ళు రెండు టెర్మినళ్ళ మీద వేస్తుంది, తనూ పోతుంది, పరికరాన్నీ తీసుకుపోతుంది.

దీనికి మన వాళ్ళు కనిపెట్టిన వైద్యాలు రెండు. ఒకటి, కన్నాల మీద ప్లాస్టిక్ టేపు అంటించడం. వేడి లోపలే ఉండిపోతుంది. రెండోది ఇంకా ఘోరం, నైలాన్ దోమతెర ముక్క కత్తిరించి గమ్‌తో అంటించడం. దుమ్ము పట్టి గాలి ఆగిపోవడం ఒకెత్తు, లోపల మెరుపు పుడితే మొదట అంటుకునేదీ కరిగి కారేదీ ఆ నైలానే. కంపెనీవాడు పెట్టె ప్లాస్టిక్‌కి వీ-1 అనే దహన తరగతి తెచ్చుకోవడానికి ఎంతో ఖర్చు పెడతాడు. ఆ తరగతి పట్టీని నిలువుగా పట్టుకుని పది సెకన్ల చొప్పున రెండుసార్లు మంట చూపించినా, ముప్పై సెకన్లలో ఆరిపోవాలి, రాలిన చుక్క కింది దూదిని అంటించకూడదు. అంత చేసిన పెట్టెకి పదిరూపాయల తెర తొడిగి మళ్ళీ మొదటికి తీసుకొస్తాం.

పక్కకన్నం దగ్గరే ఈ శాస్త్రం రక్తి కడుతుంది. పక్కగోడ పక్కగోడే కదా, అందులో అడుగు ఎక్కడినుంచి వచ్చింది? ప్రమాణం ఇలా అంటుంది. లోపల మండగల భాగం కింది అంచునుంచి, నిలువుగీతకి 5 డిగ్రీలు బయటికి వాలుతూ ఒక గీత గీయండి. కారే నిప్పు చుక్క సరిగ్గా నిలువుగా పడదు, కాస్త అటూ ఇటూ చెదురుతుంది, ఆ చెదురుకే ఈ 5 డిగ్రీలు. ఆ గీత అడుగురేకును తాకితే అంతవరకూ అడుగు. అడుగును చేరకముందే పక్కగోడకి తగిలితే, తగిలిన చోటునుంచి కిందికి ఉన్న పక్కగోడ కూడా లెక్కకి అడుగే. అక్కడ అడుగు కన్నాల కొలతలే వర్తిస్తాయి.

కాగితం మీద చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ అడుగురేకుకి 100 మిల్లీమీటర్ల పైన ఉంది, పక్కగోడకి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 5 డిగ్రీల వాలులో గీత 5 మిల్లీమీటర్లు పక్కకి జరగడానికి సుమారు 57 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. అంటే గోడకి తగిలే చోటు అడుగునుంచి 43 మిల్లీమీటర్ల ఎత్తున. ఆ 43 మిల్లీమీటర్ల పక్కగోడలో అందంగా 5 మిల్లీమీటర్ల కన్నాలు గుచ్చినవాడు పరీక్షలో పోతాడు. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను గోడకి 10 మిల్లీమీటర్లు దూరం జరిపితే గీత తిన్నగా అడుగునే తాకుతుంది, కన్నాలు మార్చకుండానే నెగ్గుతాడు. బయటినుంచి చూస్తే రెండు పెట్టెలూ కవలలు. కన్నాన్ని చూసి కొలవడం కాదు, కన్నానికి పైన ఏముందో చూసి కొలవాలి.

అంకెలున్న చోట వాదన ఉండదనుకుంటారు. పైకన్నం నియమంలో "ఏ దిశలోనూ 5 మిల్లీమీటర్లు" అన్న మాట మీద ఎంత వాదన నడుస్తుందో చూడాలి. 5కి 5 చతురస్రపు కన్నం సరిపోతుందా? పక్కలు కొలిస్తే సరిగ్గా 5. మూలనుంచి మూలకి కొలిస్తే 7.07. డిజైనరు పక్క కొలత చూపిస్తాడు, పరీక్షించేవాడు మూల కొలత చూపిస్తాడు. నా మటుకు నేను ఏ దిశ అంటే ఏ దిశైనా అనే చదివాను. పిన్నీసుకి మూలలోంచి దూరకూడదన్న పట్టింపేమీ లేదు కదా. తేనెపట్టు ఆకారపు జాలీ వాళ్ళతోనూ ఇదే పేచీ. గుండ్రటి కన్నాలు వేసుకున్నవాడికి ఈ తలనొప్పి లేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు పెట్టెను తిప్పితే వస్తుంది. పరికరాన్ని ఏ ఏ భంగిమల్లో వాడొచ్చని కంపెనీ కాగితంలో రాస్తుందో, ఆ భంగిమలన్నింటిలోనూ పరీక్షించాలని ప్రమాణం అడుగుతుంది. కాగితంలో లేని భంగిమ మీద దానికి బాధ్యత లేదు. ఆ కాగితాన్ని మనం అట్టపెట్టెతో సహా పాత సామాన్ల బండికి వేసేస్తాం. ఇక ఇళ్ళల్లో చూడండి. గోడకి తగిలించడానికి చేసిన ఏసీ స్టెబిలైజర్‌ను, గోడకి మేకు దిగలేదని, బీరువా మీద వెల్లకిలా పడుకోబెడతారు. దాని వెనక రేకులో స్క్రూ తలలు దూరడానికి తాళంచెవి ఆకారపు పెద్ద కన్నాలుంటాయి. గోడకి ఉన్నంతసేపూ అది వెనకవైపు. బీరువా మీద పడుకోగానే అదే అడుగు, బీరువా మీద పరిచిన పాత దినపత్రికే నూలుగుడ్డ. సెట్‌టాప్ బాక్సును చోటు చాలక నిలబెడతారు, పక్కకన్నాలు కిందికన్నాలవుతాయి. పరికరం పాడవలేదు, ఎవరూ విప్పలేదు, ఒక్క మర కూడా మారలేదు. అయినా పరీక్షలో నెగ్గిన వస్తువు కాదది ఇప్పుడు.

అన్ని పరికరాలకీ ఇంత హడావుడి లేదు లెండి. 62368 శక్తిని బట్టి మెట్లు కట్టింది. 15 వాట్లకు మించని సర్క్యూట్‌కి మామూలుగా నిప్పు పుట్టించే సత్తా లేదని వదిలేస్తుంది. 100 వాట్ల దాకా ఒక మెట్టు, ఆపైన ఇంకోటి. ఫోనుకి వెళ్ళే తీగలో పది వాట్లే ఉన్నా చార్జర్ రెండో కొస గోడలోని 230 వోల్టులకి తగిలి ఉంటుంది. అందుకే ఫోను వైపు కాదు, గోడ వైపు చూసి భయపడాలి.

పుస్తకంలోంచి బయటికొస్తే మా చుట్టుపక్కల నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇన్వర్టరూ కాదు, చార్జరూ కాదు. చెరుకు ఆడే రోజుల్లో బెల్లం షెడ్డులో మోటారు స్టార్టర్ పెట్టె. దానికి 62368 వర్తించదు. స్టార్టర్లకు ఐఎస్/ఐఈసీ 60947 వేరే ఉంది, పెట్టెకి ఐపీ అంకె ఉంటుంది. కొన్నప్పుడు ఆ అంకె నిజమే. బిగించేటప్పుడు కేబుల్ కోసం అడుగున ఊడగొట్టిన గుండ్రటి కన్నానికి, వైరు చుట్టూ సందు మూసే గ్లాండు వెయ్యరు, ఒకటి చాలక రెండోదీ ఊడగొడతారు, వైరు మాత్రం ఒకదాన్లోంచే పోతుంది. అటు పిల్లి తల దూరేంత కన్నం. లోపల వైరు కొసన బిగించే లగ్గు వదులైతే రాగి కాలుతుంది, కాంటాక్టరు ప్లాస్టిక్ కరుగుతుంది. సరిగ్గా దాని కిందనే పొయ్యిలో వెయ్యడానికి ఎండబెట్టిన చెరుకు పిప్పి గుట్ట. పిప్పి అంటుకోవడానికి నూనె గరిటె అక్కర్లేదు, ఒక్క చుక్క చాలు.

ఒక షెడ్డు పెద్దాయనకి ఈ మాట చెప్తే, "నలబయ్యేళ్ళ బట్టీ ఇలాగే ఆడుతున్నాం బావూ, ఏటీ అవ్వనేదు" అన్నాడు. ఆయనతో వాదించలేదు. పిప్పి గుట్టను గోడ అవతలికి జరపమని, ఖాళీ కన్నానికి ఒక మూత, వైరున్న కన్నానికి గ్లాండు కొని ఇచ్చాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే అతి చవక సరుకుల్లో అవి కూడా ఉంటాయి. గ్లాండు వేస్తే ఎలకలు కూడా రావంటే అప్పుడు వేయించుకున్నాడు. నిప్పు పేరు చెప్తే కదలనివాళ్ళు ఎలక పేరు చెప్తే కదుల్తారు.

2022 తర్వాత కన్నాల కథకి ఇంకో పక్క తెరుచుకుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో విజయవాడలో రాత్రి పడకగదిలో చార్జింగ్‌కి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ లాడ్జిలో, కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో లేచిన మంటల పొగ మెట్లదారిలోంచి పై గదులకెక్కి ఎనిమిది మందిని బలిగొంది. లిథియం బ్యాటరీ దగ్గర లెక్క తిరగబడుతుంది. లోపలి సెల్ వేడెక్కి తనంతట తాను చెడిపోతే వాయువు పుడుతుంది. దానికి బయటికి దారి లేకపోతే పెట్టె బాంబవుతుంది. ఇక్కడ కన్నం లేకపోవడమే ప్రమాదం. ఆ ఏడాది స్కూటర్ల బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్ 156ని కేంద్రం సవరించి, 2022 డిసెంబరు ఒకటి నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. నీళ్ళల్లో ముంచినా లోపలికి చుక్క దిగకూడదు, లోపల వాయువు పుడితే మాత్రం ఒత్తిడికి తెరుచుకునే దారి ఉండాలి. నీటికి మూత, వాయువుకి తలుపు. ఇలాంటి తలుపును వెంట్ అంటారు.

చార్జింగ్ కోసం బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చేవాళ్ళు ఆ వెంట్ ఎక్కడుందో ఒక్కసారి వెతకండి. చాలామంది బ్యాటరీని మంచం మీదో, నవారు మంచం కిందో పెట్టేటప్పుడు అది పరుపులోకి చూస్తుంటుంది. వెంట్‌లోంచి వచ్చేది గాలి కాదు, మంటని మోసుకొచ్చే వాయువు. అది ఖాళీ చోటులోకి చూడాలి. ఇంట్లోంచి బయటపడడానికి ఉన్న ఒకే ఒక్క దారిలో, మెట్ల కింద చార్జింగ్ పెట్టడం మరీ చేటు. రూబీ లాడ్జిలో చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళింది మెట్లదారిలోంచి ఎక్కిన పొగే.

ఇన్వర్టర్ విషయంలో కూడా కిందినుంచి వచ్చేదాని గురించి ఒక మాట. ట్యూబులర్ బ్యాటరీ చార్జింగ్ అవుతుంటే హైడ్రోజన్ వదుల్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకి అంటుకుంటుంది. బ్యాటరీ పైనే ఇన్వర్టర్ పెట్టి, రెండింటినీ తలుపుల అలమరలో బంధిస్తే, తేలికైన ఆ వాయువు పైకి లేచి ఇన్వర్టర్ అడుగుకన్నాల్లోంచే లోపలికి, రిలే మెరుపు దగ్గరికి వెళ్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు రోజుల తరబడి పోయాక మా వీధిలో ఇన్వర్టర్లు మొలుచుకొచ్చాయి. వాటిలో తలుపుల అలమరల్లో ఉన్నవి తక్కువేం కాదు. ఆ తలుపులు పీకించండి. అందం పోతే పోయింది.

కొనేటప్పుడు చూడాల్సింది కన్నాలకన్నా ముందు నంబరు. నమోదైన చార్జర్, అడాప్టర్, ఇన్వర్టర్ మీద బీఐఎస్ గుర్తు, పైన ఐఎస్ అంకె, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉంటాయి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ తయారీదారుదో, ఏ బ్రాండుకో వస్తుంది. వచ్చిన పేరూ పెట్టె మీది పేరూ వేరైతే షాపులో వదిలేసి రండి. గుర్తు ముద్రించడం తేలిక, యాప్‌లో పేరు పుట్టించడం కష్టం. నంబరు సరైనదే అయినా, ఇంటికి తెచ్చి కూలింగ్ చాలట్లేదని డ్రిల్లు మిషన్ పెట్టి నాలుగు కన్నాలు వేస్తే అక్కడితో ఆ నంబరుకి విలువ పోయినట్టే. అలా వేసినవి మా ఊళ్ళోనే చూశాను, అదీ సరిగ్గా ట్రాన్స్‌ఫార్మర్ కింద.

హల్వా కొట్టు కుర్రాడు ఇదంతా విని చివరికి తన సంగతికొచ్చాడు. కొట్టులో వాడి ఇన్వర్టర్ చెక్క అల్మారాలో ఉంది, కింద అరలో హల్వా సర్దే అట్టపెట్టెలు. అడుగున తగిన రక్షణ లేని భారీ పరికరాలను కొన్నిటిని, కాంక్రీటు లాంటి మండని నేల మీదే పెట్టాలన్న హెచ్చరిక రాసి అమ్ముకోవడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్‌కి ఆ షరతు లేదు, కాని ఆ ఉపాయం వాడుకోవడానికి మనకి అడ్డేం లేదు. కింది అర ఖాళీ చేసి, చెక్క తీసేసి, పెట్టె అంచులకన్నా నాలుగు పక్కలా బెత్తెడు ఎక్కువుండేలా కడప బండ వేయించుకో అన్నాను.

"చెక్క తియ్యడమెందుకండీ, దాని మీదే బండేసేస్తే అవదేటి?"

"అవుతుంది. బండ మందంగా ఉంటే చాలు."

"గీతలు పడకుండా బండ మీద రబ్బరు మ్యాటేద్దునా?"

"వద్దురా బాబూ."